డబ్బా నుంచి డబ్బాకి డైనోసార్: మీ ప్రశ్నలు, మా జవాబులు

జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కలుపుతూ వచ్చిన తేడాని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో తీసేసింది. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ ఓ బకెట్‌ని అడవిలో దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. దాచిన డబ్బాలని జీపీఎస్‌తో వెతికే జియోక్యాషింగ్ ఆట అలా పుట్టింది. దాచిన డబ్బాని క్యాష్ అంటారు. ఒక క్యాష్‌లోంచి మరో క్యాష్‌కి తిరుగుతూ, ఎక్కడెక్కడికి వెళ్ళిందీ సైట్‌లో కనబడే వస్తువు ట్రాకబుల్. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ పిల్లల డైనోసార్ బొమ్మల గురించే కాబట్టి, అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఏడేళ్ళ బాబుకి డైనోసార్లంటే ప్రాణం. వాడి బొమ్మ ఒకటి క్యాష్‌ల మీదుగా ఊళ్ళు తిరగాలని ముచ్చట పడుతున్నాడు. ఏం కొనాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

ముందు బిళ్ళ కొనండి, బొమ్మ సంగతి తర్వాత. జియోక్యాషింగ్ డాట్ కామ్ వాళ్ళ ట్రావెల్ బగ్ అంటే మెడలో వేసుకునే సైనికుల బిళ్ళలాంటి లోహపు ముక్క. ప్యాకెట్‌లో ఒకే కోడ్ చెక్కిన బిళ్ళలు రెండు ఉంటాయి. ఒకటి బొమ్మకి, ఒకటి మీ దగ్గర దాచుకోవడానికి. ఆ రెండోదాన్ని నిజంగానే భద్రంగా దాచండి. దాని అవసరం ఎప్పుడొస్తుందో కింద ఇంకో జవాబులో చెప్పాం.

సైట్‌లో ఉచిత ఖాతా ఉంటే చాలు. ట్రాకబుల్స్ పేజీలో యాక్టివేట్ అన్నచోట బిళ్ళ మీది కోడ్, ప్యాకెట్‌తో వచ్చిన యాక్టివేషన్ కోడ్ ఇవ్వాలి. అందుకే ప్యాకెట్‌ని తెరిచీ తెరవగానే చెత్తబుట్టలో వేయకండి. తర్వాత బొమ్మకి ఒక పేరు, దాని లక్ష్యం, నాలుగు మాటల పరిచయం, ఒక ఫొటో పెట్టండి. బొమ్మ ఇక మీ ఖాతాలో, మీ చేతిలో ఉన్నట్టు కనబడుతుంది.

ఇక్కడ రెండు కోడ్‌ల తేడా తెలుసుకోవాలి. టీబీ అక్షరాలతో మొదలయ్యేది అందరికీ కనబడే నంబరు. అది ఎవరికైనా చెప్పొచ్చు. బిళ్ళ మీద చెక్కినది మాత్రం గుట్టుగా ఉంచాలి. అది తెలిస్తే బొమ్మని చూడనివాళ్ళు కూడా చూశామని రాసుకోగలరు. బాబు బొమ్మతో దిగిన ఫొటో పెట్టేముందు బిళ్ళని తిప్పేయండి, లేదా వేలు అడ్డం పెట్టించండి.

మొదటి మజిలీకి మీకు దగ్గర్లోనే మంచి చోటుంది. గ్లెన్ రోజ్‌లోని డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్క్‌లో పాలక్సీ నది రాతి అడుగున సుమారు 11 కోట్ల 30 లక్షల ఏళ్ళనాటి డైనోసార్ అడుగుజాడలు ఉన్నాయి. వేసవి చివర్లో నీళ్ళు తగ్గినప్పుడు బాగా కనబడతాయి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో అనుమతి తీసుకుని క్యాష్‌లు పెట్టనిస్తారు కూడా.

ఏ డబ్బాలో వదలాలన్నది మాత్రం ఊరి పేరు చూసి తేల్చకండి, డబ్బా పేజీ చూసి తేల్చండి. చివరి ఐదారు లాగ్‌లు, అంటే అక్కడికి వెళ్ళినవాళ్ళు సైట్‌లో రాసినవి, చదవండి. నెలలోపు ఎవరైనా కనుగొని ఉండాలి, మూత పగిలిందనో నీళ్ళు చేరాయనో ఫిర్యాదు ఉండకూడదు. రోడ్డు పక్క దీపస్తంభం కింద ఉండే డబ్బాలు దారిన పోయేవాళ్ళ కంటపడి మాయమవుతుంటాయి. కొండ చివర తాడు కట్టి దిగాల్సిన డబ్బాకి ఏడాదికి ఒక్కరు వెళ్తే గొప్ప. పది పదిహేను నిమిషాలు నడిస్తే చేరేవి మేలు. అన్నిటికన్నా మేలైన దారి ఇంకోటుంది: దగ్గర్లో జియోక్యాషర్ల సమావేశం ఏదైనా జరిగితే, దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్ళ చేతికే బొమ్మని ఇవ్వడం. 500 మందికి పైగా వచ్చే మెగా ఈవెంట్‌లో ఇచ్చిన బొమ్మ ఒక్క వారంలో నాలుగు రాష్ట్రాలు దాటే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: ఎలాంటి డైనోసార్ బొమ్మ తీసుకోవాలి? బిళ్ళని ఎలా కట్టాలి? గొలుసు తెగిపోతుందని విన్నాం.
— ఇద్దరు పాఠకులు, కాల్గరీ నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఒకరు

తెగిపోయే మాట నిజమే. బిళ్ళతో వచ్చే పూసల గొలుసు కొక్కెం దగ్గర ఊడుతుంది. డబ్బాలో వంద చేతులు కెలికే చోట అది ఎక్కువ కాలం నిలవదు. బిళ్ళ ఊడిన డైనోసార్ మామూలు బొమ్మయిపోతుంది. పిల్లలు డబ్బాలో ఒకటి పెట్టి ఒకటి తీసుకునే మార్పిడి సామాను అనుకుని పట్టుకుపోతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ముందు కొలతలు చూద్దాం. స్మాల్ సైజు డబ్బా అంటే 100 మి.లీ. నుంచి లీటరు వరకు. రెగ్యులర్ అంటే లీటరు నుంచి 20 లీటర్లు. అంతకన్నా చిన్నవాటిలో, అంటే ఫిల్మ్ డబ్బీల్లాంటి మైక్రోల్లో, బొమ్మ పట్టదు. స్మాల్ డబ్బాలో పట్టాలంటే బొమ్మ 6 నుంచి 8 సెంటీమీటర్లకి మించకూడదు. మెడా తోకా సాచిన బ్రాకియోసారస్‌ని పిల్లలు ముందు ఎంచుకుంటారు గానీ, ప్రయాణానికి అది పనికిరాదు. డబ్బాలో పట్టక, పట్టే డబ్బా దొరికేదాకా ఒకరి కార్లో నెలల తరబడి పడుంటుంది. గుండ్రంగా, పొట్టిగా ఉండే ట్రైసెరటాప్స్ గానీ ఆంకైలోసారస్ గానీ తీసుకోండి. టీ రెక్స్ కావాల్సిందేనని పట్టుబడితే తోక ఒంటికి ఆనుకుని వంగినది వెతకండి.

లోపల డొల్ల లేని గట్టి ప్లాస్టిక్ బొమ్మ మంచిది. మెత్తటి పీవీసీ బొమ్మలు ఎండకి కాలిన ఇనప డబ్బాలో జిగురుగా మారి కాగితాలకి అతుక్కుంటాయి, వాటి రంగు పక్కనున్న వస్తువులకి అంటుతుంది. డొల్ల బొమ్మే దొరికితే పొట్ట కిందున్న చిన్న రంధ్రాన్ని సిలికాన్‌తో మూసి ఒకరోజు ఆరనివ్వండి. లేదంటే చెమ్మ లోపలికి చేరి బూజు వాసన పట్టుకుంటుంది. గర్జించే బొమ్మలు, లైటు వెలిగే బొమ్మలు వద్దు. బ్యాటరీ కారుతుంది, పైగా దాచిన డబ్బాలోంచి శబ్దం వస్తే విన్నవాళ్ళు కంగారుపడతారు.

బిళ్ళని మెడకో కాలికో చుట్టకండి, జారిపోతుంది. ఒంట్లోంచే తీగ పోవాలి. వీపు కింద కండ మందంగా ఉన్నచోట, అంచు నుంచి కనీసం 5 మి.మీ. లోపలికి గుర్తు పెట్టుకోండి. 2 మి.మీ. బిట్‌తో, డ్రిల్ నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య బిట్ బయటికి తీస్తూ ఈ పక్కనుంచి ఆ పక్కకి రంధ్రం చేయండి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుని రంధ్రం పెద్దదవుతుంది. ప్లాస్టిక్ తొడుగున్న స్టీలు తీగ, 1 నుంచి 1.5 మి.మీ. మందంది, 15 సెంటీమీటర్లు తీసుకుని రంధ్రంలోంచి లాగి, బిళ్ళలోంచి, కార్డులోంచి (దాని సంగతి కింది జవాబులో) దూర్చండి. రెండు కొసల్నీ చిన్న అల్యూమినియం గొట్టంలో ఎదురెదురుగా పెట్టి శ్రావణంతో గట్టిగా నొక్కేయండి. చేపలు పట్టే సామాన్ల కొట్టులో తీగ, గొట్టం రెండూ దొరుకుతాయి. తర్వాత ఐదారు కేజీల బరువు మోస్తున్నట్టు చేత్తో లాగి చూడండి. అప్పుడు జారనిది డబ్బాలో కూడా జారదు. బొమ్మకి మరతో బిగించే కొక్కెం పెట్టడం తేలికే కానీ, మెత్తటి ప్లాస్టిక్‌లో మర పట్టు నిలవదు. అది మాకు నచ్చదు.

ఆఖరుగా ఇంకో పని. పొట్ట కింద చెరిగిపోని మార్కర్‌తో ట్రాకింగ్ కోడ్ చిన్నగా రాసి, పైన పారదర్శకమైన గోళ్ళ రంగు ఒక పూత వేయండి. బిళ్ళ ఊడినా బొమ్మ ప్రయాణం ఆగదు.

ప్రశ్న: బొమ్మతో పాటు కార్డు పెట్టాలంటున్నారు. అందులో ఏం రాయాలి? మా అమ్మాయి డైనోసార్ కెనడాలోని డ్రమ్‌హెల్లర్ చేరాలని కోరిక.
— ఒక పాఠకుడు, ఆస్టిన్

కార్డు లేకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్ళున్నారు. మేం ఒప్పుకోం. బిళ్ళ మీద సైట్ పేరుంటుంది గానీ, ఆట కొత్తగా మొదలుపెట్టి ఫోన్ పట్టుకుని మొదటి డబ్బా తెరిచినవాళ్ళకి దాని అర్థం తెలియదు. డబ్బా దగ్గర దోమలు కుడుతుంటే నిలబడి చదివే మనిషికి పది సెకన్లలో విషయం అర్థమవ్వాలి. ఇంగ్లీషులో మూడు ముక్కలు చాలు. వాటి సారం ఇలా ఉండాలి: "నేను బహుమతిని కాదు, ప్రయాణికుణ్ణి. ఉత్తరం వైపు, డైనోసార్లున్న చోట్లకి వెళ్ళాలి. నన్ను తీసుకుంటే ఈ కోడ్‌తో సైట్‌లో రాసి, రెండు వారాల్లో ఇంకో డబ్బాలో పెట్టండి."

"ఉత్తరం వైపు" అన్నమాట గమనించండి. "డ్రమ్‌హెల్లర్ వెళ్ళేవాళ్ళే తీసుకోవాలి" అని రాస్తే, ఆస్టిన్ పక్క డబ్బా తెరిచిన వందమందిలో ఒక్కరూ తీసుకోరు. నేను డాలస్ దాకే కదా వెళ్ళేది అని మర్యాదగా వదిలేస్తారు. దిక్కు చెబితే డాలస్ వెళ్ళేవాళ్ళూ సాయం చేస్తారు, డెన్వర్ వెళ్ళేవాళ్ళూ చేస్తారు. చివరి గమ్యం సైట్ పేజీలో వివరంగా రాసుకోండి: డ్రమ్‌హెల్లర్‌లో రాయల్ టిరెల్ మ్యూజియం ఉంది, అక్కడ దిగిన ఫొటో కావాలి అని.

దారిలో యూటా, కొలరాడో సరిహద్దులోని డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ తగిలితే అమ్మాయి సంబరపడుతుంది. అక్కడ ఒకే గోడలో సుమారు 1,500 డైనోసార్ ఎముకలు రాతిలో ఉన్నవి ఉన్నట్టే కనబడతాయి. అయితే అమెరికా నేషనల్ పార్కుల నేలమీద మామూలుగా డబ్బాలు దాచనివ్వరు. అలాంటి చోట్ల ఎర్త్‌క్యాష్‌లు ఉంటాయి. అంటే డబ్బా లేకుండా భూగర్భ విశేషాన్ని చూసి ప్రశ్నలకి జవాబు పంపే రకం. అక్కడ బొమ్మని వదలడానికి డబ్బా లేదు, బొమ్మతో వచ్చి వెళ్ళామని సైట్‌లో విజిట్ అని రాయడమే. వదలాలంటే పక్కనున్న వర్నల్ ఊళ్ళో మామూలు డబ్బా చూసుకోవాలి.

కార్డు తయారీలో నూటికి తొంభైమంది చేసే పొరపాటు ఒకటుంది. లామినేట్ చేసి, ఆ తర్వాత కాగితం పడేచోటే రంధ్రం కొడతారు. నీళ్ళు ఆ రంధ్రంలోంచి దూరి కాగితం అంతా పాకుతాయి. కార్డు 5 బై 8 సెంటీమీటర్లు కత్తిరించి, చుట్టూ 5 మి.మీ. ప్లాస్టిక్ అంచు, రంధ్రం కోసం ఒక మూల 12 మి.మీ. అంచు వదలండి. రంధ్రం ఆ అంచులోనే కొట్టాలి. ప్రింటు లేజర్‌ది అయితే చెమ్మకి చెదరదు. ఇంక్‌జెట్ అక్షరాలు కరిగిపోతాయి.

ప్రశ్న: ఒక డబ్బాలో పచ్చ డైనోసార్ దొరికింది. కానీ సైట్‌లో అది ఇంకా ముందు మనిషి చేతిలోనే ఉన్నట్టు ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

ముందు మనిషి డబ్బాలో పెట్టాడు గానీ ఇంటికెళ్ళి డ్రాప్ అని రాయలేదు. ఇది రోజూ జరిగేదే. మూడు నాలుగు రోజులు ఆగండి. డబ్బాలో పడినట్టు కనబడగానే రిట్రీవ్ అని రాయండి. ఆ తర్వాత కూడా కనబడకపోతే గ్రాబ్ అని రాసి తీసుకోండి. బొమ్మ ఎక్కడున్నట్టు చూపించినా గ్రాబ్‌తో మీ చేతికి వస్తుంది. తొందరపడి మొదటిరోజే గ్రాబ్ చేస్తే చిక్కు వస్తుంది. ఆయన తీరిగ్గా బొమ్మని వెనక్కి గ్రాబ్ చేసి డ్రాప్ రాస్తే, మీ దగ్గరున్న బొమ్మ సైట్‌లో మళ్ళీ పాత డబ్బాలోకి వెళ్ళిపోతుంది. అప్పుడు మీరు మళ్ళీ తీసుకున్నట్టు రాయాలి.

లాగ్ తేదీ నిజంగా జరిగిన తేదీయే వేయండి. దూరాన్ని సైట్ ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి గీత గీసినట్టు, తేదీల వరసలో లెక్కేస్తుంది. తేదీలు తారుమారైతే మ్యాప్‌లో డైనోసార్ మెల్‌బోర్న్‌కీ పెర్త్‌కీ మధ్య ఊరికే ఊగుతున్నట్టు కనబడుతుంది.

బొమ్మ మీ దగ్గరుండగా మీరు వెళ్ళిన ప్రతి డబ్బాకీ విజిట్ దానంతటదే పడేలా యాప్‌లో పెట్టుకోవచ్చు. దయచేసి వద్దు. యజమాని పిల్లవాడు పేజీ తెరిస్తే మాట లేని మూడువందల వరసలు కనబడతాయి. బాగున్న మూడు చోట్ల విజిట్ రాసి, ఒక ఫొటో, ఒక వాక్యం పెట్టండి. దానికే ఆ ఇంట్లో పండగ.

ప్రశ్న: ఒకటి తీసుకుంటే ఇంకోటి పెట్టాలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

అక్కర్లేదు. మార్పిడి నియమం డబ్బాలోని చిన్న బహుమతులకే. ట్రాకబుల్‌ని ఊరికే తీసుకోవచ్చు, ముందుకి పంపితే చాలు. "ఒకటి పెడితేనే ఒకటి తీయండి" అని కొన్ని డబ్బాల మీద రాసి ఉంటుంది. ట్రాకబుల్‌ని ముందుకి తీసుకెళ్ళడానికి ఆ మాట మిమ్మల్ని ఆపనక్కర్లేదు.

ప్రశ్న: అమెరికాలోని మా మేనల్లుడి డైనోసార్ సెలవులకి హైదరాబాద్ వస్తోంది. ఇక్కడ ఏం చూపించాలి? ఎక్కడ వదలాలి?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

చూపించడానికి ఇంతకన్నా మంచి ఊరు ఏదుంది! బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం మన నేలదే. ప్రాణహిత–గోదావరి లోయలో కోట రాతిపొరల్లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకి చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు, తొలి జురాసిక్ కాలపు శాకాహారి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డైనోసార్‌ని దాని పాదాల ముందు పట్టుకుని ఫొటో తీస్తే, ట్రాకబుల్ పేజీలో ఏ దేశపు ఫొటోకీ అది తీసిపోదు. ఫొటోకి అనుమతి ఉందో లేదో కౌంటర్‌లో అడగండి. తర్వాత పేజీలో రైట్ నోట్ ఎంచుకుని ఫొటో, కోటసారస్ కథ నాలుగు వాక్యాల్లో పెట్టండి. నోట్‌కి దూరం లెక్కలోకి రాదు. హైదరాబాద్ మ్యాప్‌లో పడాలంటే ఊళ్ళో ఏదైనా క్యాష్‌ని కనుగొని అక్కడ విజిట్ రాయాలి.

వదలడం మాత్రం మేం చెప్పం. మన దగ్గర డబ్బాలు తక్కువ, వాటిని చూసుకునేవాళ్ళు ఇంకా తక్కువ. వదిలిన బొమ్మని తర్వాతి మనిషి తీసేసరికి ఏళ్ళు పట్టొచ్చు. ఈలోగా వానలు, కోతులు, చెత్త ఏరేవాళ్ళు. మేనల్లుడితో పాటే వెనక్కి పంపండి. ఇంకో మాట: డబ్బా కోసం వెతికేటప్పుడు రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, కంటోన్మెంట్ గోడల వైపు వెళ్ళొద్దు. ఎవరూ పట్టించుకోని డబ్బా అక్కడ బాంబు అనుమానం కిందికి వస్తుంది. కాపలావాళ్ళు అడిగితే దాపరికం లేకుండా యాప్ తెరిచి చూపించండి.

ప్రశ్న: మా స్టెగోసారస్ నాలుగు నెలలుగా కదలడం లేదు. పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, లండన్

అప్పుడే అనుకోవద్దు. పేజీలో చివరిగా ఎవరి దగ్గరుందో చూడండి. డబ్బాలో ఉన్నట్టుంటే ఆ డబ్బా లాగ్‌లు చదవండి. నీళ్ళు చేరాయనో, డబ్బానే కనబడలేదనో ఎవరైనా రాసుంటే సంగతి అర్థమవుతుంది. డబ్బా యజమానికి సందేశం పంపి, లోపల బొమ్మ ఉందేమో చూడమనండి. మనిషి చేతిలో ఉంటే ఆయన చివరిసారి సైట్‌లోకి ఎప్పుడొచ్చాడో ఆయన ప్రొఫైల్‌లో చూడండి. ఈ వారమే వచ్చుంటే మర్యాదగా ఒక సందేశం చాలు: "మా స్టెగోసారస్ మీ దగ్గర క్షేమమేనా? వీలైనప్పుడు ఏదైనా డబ్బాలో పెట్టండి." నిందించినట్టు రాస్తే సిగ్గుపడి అసలు జవాబే ఇవ్వరు. బొమ్మ బ్యాగు అడుగున మరిచిపోయి ఉండటమే ఎక్కువగా జరిగేది. ఏడాది దాటి తిరిగి వచ్చినవి బోలెడున్నాయి.

ఆర్నెల్లు దాటి, రెండు సందేశాలకీ జవాబు లేకపోతే మిస్సింగ్ అని గుర్తు పెట్టండి. దానివల్ల లేని బొమ్మ కోసం డబ్బా దగ్గరికి వెళ్ళి నిరాశపడేవాళ్ళు తగ్గుతారు. తర్వాత దొరికినా ఎవరైనా గ్రాబ్ చేస్తే మళ్ళీ బతుకుతుంది. దాచిన రెండో బిళ్ళ పనికొచ్చేది ఇప్పుడే. కొత్త స్టెగోసారస్‌కి దాన్ని కట్టి, పాత పేజీతోనే, పాత కిలోమీటర్లతోనే పంపండి. పాతది ఎక్కడో తిరుగుతోందన్న ఆశ ఉంటే మాత్రం ఆగండి. ఒకే కోడ్‌తో రెండు బొమ్మలు తిరిగితే మ్యాప్ గందరగోళమవుతుంది.

ప్రశ్న: బొమ్మ మా అల్మరాలోనే ఉంది, కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళు చూశామని డిస్కవర్ లాగ్‌లు రాస్తున్నారు. ఎలా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

కోడ్ బయటికి పొక్కింది. ఏదో ఫొటోలో బిళ్ళ కనబడి ఉంటుంది, ఆ కోడ్‌ల జాబితాలు ఇంటర్నెట్‌లో చేతులు మారతాయి. ఫొటో వెతికి తీసేయండి. దొంగ లాగ్‌లని తొలగించే హక్కు యజమానిగా మీకుంది, మొహమాటం అక్కర్లేదు. ఫొటో చూసి కోడ్ కనిపెట్టమని నిజంగానే పిలిచిన ట్రాకబుల్ ఒకటుంది: 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో, షెర్లాక్ పరికరం సరిచూసుకునే ఫలకం మీద చెక్కింది. ఆ ఒక్కదాని దగ్గరికి మనిషి వెళ్ళలేడు కాబట్టి ఆ వెసులుబాటు. మీ అల్మరాకి అది వర్తించదు.

ప్రశ్న: చెక్కతో చెక్కిన డైనోసార్ ఆస్ట్రేలియా పంపొచ్చా?
— ఒక పాఠకురాలు, సింగపూర్

చెక్కది వద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విమానాశ్రయాల్లో చెక్క, గింజలు, ఈకలు, మట్టి ఏవున్నా ముందే చెప్పి చూపించాలి. చెప్పకపోతే జరిమానా పడేది బొమ్మ యజమానికి కాదు, దయతలచి మోసుకెళ్తున్న ప్రయాణికుడికి. ప్లాస్టిక్‌దే పంపండి. అది కూడా డబ్బాలోంచి నేరుగా సూట్‌కేసులోకి వెళ్ళకూడదు. కాళ్ళ సందుల్లో, తీగ రంధ్రంలో బురద ఇరుక్కుని ఉంటుంది. పాత పళ్ళ బ్రష్, సబ్బునీళ్ళతో తోమి, ఆరబెట్టి, జిప్ సంచిలో వేయండి. కార్డు మీద కూడా "విమానం ఎక్కేముందు నన్ను కడగండి" అని ఒక ముక్క చేర్చండి.